ఆరో ప్లేటు

కొత్తగూడ బండల నడుమ సీతాఫలాలు కన్ను విచ్చే కాలం వచ్చిందంటే చంద్రమ్మ కాళ్లు ఇంట్లో నిలిచేవి కావు. తెల్లవారకముందే గంప నెత్తిన పెట్టుకుని రాయదుర్గం దాకా నడిచేది. అక్కడ బొంబాయి సడక్ మీద బస్సెక్కి పట్నం చేరి, పండ్లు అమ్ముకుని పొద్దు గూకేలోపు తిరిగొచ్చేది. మిగతా రోజుల్లో ఆఖరి పండు దాకా బేరమాడే మనిషి, గురువారం వచ్చిందంటే మాత్రం ఎవరెంతకడిగితే అంతకిచ్చేసి గంప బోర్లించేది. గురువారం జుమ్మెరాత్ బజారు.

ఆ బజారులో లేని పాత సామాను లేదు. తాళం లేని గడియారాలు, గడియారం లేని గొలుసులు, జాగీర్దార్ల ఇళ్లనుంచి వచ్చిన నిలువుటద్దాలు అన్నీ మట్టిలోనే పరిచి ఉండేవి. వాటి మధ్య గోనెసంచి మీద గ్రామఫోన్ ప్లేట్లు పేర్చుకుని కళ్లద్దాల ముసలాయన ఒకడు కూర్చునేవాడు. చంద్రమ్మ ఆయన ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క ప్లేటూ ఎండకు తిప్పి చూసేది. ఆమెకు కావలసింది ఒకే ఒక మనిషి గొంతు, అమ్మణ్ణిది.

అమ్మణ్ణి సముద్రం దిక్కు మనిషి, నాటకాల మనిషి. ఉన్నదో పోయిందో తెలియదు. చంద్రమ్మ ఆమె ఫోటో కూడా చూసి ఎరుగదు. చంద్రమ్మ భర్త ఐలయ్య పడుచుతనంలో ఒక జాగీర్దారు తోటలో పనిచేసేవాడు. ఆ ఇంటివాళ్లు ఉన్నపళంగా కరాచీ వెళ్లిపోతూ, తీసుకుపోలేని వాటిని పనివాళ్లకు పంచారు. ఒకరికి మంచం, ఒకరికి దుప్పట్లు. ఐలయ్య వంతుకు చేత్తో తిప్పే గ్రామఫోన్ వచ్చింది. దాని మీద వాళ్లు ఆఖరిసారి విని తీయడం మరిచిన ప్లేటు అలాగే ఉంది. ఆ సాయంత్రం ఐలయ్య పిడి తిప్పి ముల్లు దించితే అమ్మణ్ణి పాడింది.

చంద్రమ్మ అప్పటికి కాపురానికి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. చిన్న వయసులో తల్లి ఆమెను కచ్చడం ఎక్కించి అత్తవారింటికి పంపినప్పుడు, బండి కదిలాక వెనకనుంచి ఏదో చెప్పింది. చక్రాల చప్పుడులో అది వినపడలేదు. ఆ ఏటి వానల్లోనే తల్లి పోయింది. ఏం చెప్పిందో చంద్రమ్మకు ఇక తెలిసే దారి లేకపోయింది. అప్పటినుంచి ఇంట్లో ఎవరు గడప దాటినా మలుపు తిరిగేదాకా నిలబడి చూడటం, తిరిగొచ్చేదాకా లోపలికీ బయటికీ తిరగడం ఆమెకు అలవాటైంది. అమ్మణ్ణి గొంతులో ఆ బండి వెనక మాట ఉన్నట్టు అనిపించేది. ఉందని కాదు, ఉన్నట్టు అనిపించేది. అది చాలు.

అలా మొదలై ఒక్కొక్కటీ చేరుతూ ఇనుప పెట్టె నిండేదాకా వచ్చింది. మొదట్లో కళ్లద్దాల ముసలాయన ఇంకెవరి ప్లేట్లో అంటగట్టేవాడు. ఇంటికి తెచ్చి పెడితే మగగొంతు పలికేది. రెండుసార్లు మోసపోయాక, బడికి పోతున్న కూతురు నీలమ్మ పలక ముందేసుకుని తల్లికి అక్షరాలు నేర్పింది. చంద్రమ్మ మొదట రాసింది తన పేరు కాదు, అమ్మణ్ణి పేరు. చివరి అక్షరం చుట్టలు చుట్టుకున్న పామువలె ఉందని తల్లీకూతుళ్లు ఎంత నవ్వుకున్నారో. ఆ మూడు అక్షరాలు పట్టుకుని చంద్రమ్మ మెల్లగా బస్సు పలకలు చదివింది, పొట్లాల కాగితాలు చదివింది, ఆనక నీలమ్మ వదిలేసిన పుస్తకాలన్నీ చదివింది.

ఐలయ్య మాత్రం ఏం తక్కువ చేశాడు? పిడి తిప్పేది ఆయనే, ముల్లు మార్చేది ఆయనే. ఎండకు వంగిన ప్లేటు తెస్తే దాన్ని రెండు షాబాదు బండల నడుమ పెట్టి, వెచ్చబడేదాకా ఎండలో ఉంచి, మళ్లీ చదునుగా తీసేది కూడా ఆయనే. ఒకసారి ప్లేటును పొయ్యి దగ్గర మరిచిపోతే అంచు కరిగి ఇల్లంతా ఒక వాసన పట్టింది. గుగ్గిలానికీ కాలిన వెంట్రుకకూ మధ్య వాసన. చంద్రమ్మ అన్నం తినకుండా కూర్చుంటే, "నీ పాటలకు కావలి నేనున్న గదనే, ఇగ ఏ పొయ్యి దగ్గరికీ పోనియ్య" అని ఐలయ్య ఆమె పాత చీరలు చించి ఒక్కొక్క ప్లేటుకూ బట్ట చుట్టాడు.

పెట్టెలో అన్నిటికన్నా పైన ఉండేది ఒక నాటకం. ఓడ వర్తకుడి భార్య కథ. అంతా కలిపి ఆరు ప్లేట్లు. మొగుడు ఓడెక్కి పోతాడు. కడుపుతో ఉన్న భార్యను అత్తవారు వెళ్లగొడతారు. ఐదో ప్లేటు చివర ఆమె సముద్రం ఒడ్డున నిలబడి అలల్ని అడుగుతూ ఉంటుంది. అక్కడికి ముల్లు గీతల్లో పడి గరగరమనేది. ఆరోది లేదు. ఓడ వచ్చిందా లేదా? ఐలయ్య వచ్చిందనేవాడు, చంద్రమ్మ రాలేదనేది. తెలంగాణ కావాలని గొడవలై బస్సులు నిలిచిపోయిన ఏడు తప్ప, ఒక్క గురువారం కూడా ఆమె ఆ ఆరో ప్లేటు కోసం అడగకుండా లేదు.

నీలమ్మను మణికొండకు ఇచ్చారు. మొదటి కడుపుకు మూడో నెలలో పుట్టింటికి వచ్చింది. వచ్చిన నాలుగు రోజులకే అది నిలవకుండా పోయింది. పట్నం దవాఖానకు తీసుకుపోతే, ఒక్కోసారి అట్లా అవుతుందమ్మా అన్నారు. చంద్రమ్మ కూతుర్ని ఒళ్లో పెట్టుకుని ఎన్నాళ్లు ఏడ్చిందో లెక్కలేదు. ఆ తర్వాత మూడేళ్లకు మళ్లీ నీళ్లోసుకుంది. ఈసారి నిలిచింది. ఏడో నెలలో గాజులు తొడిగించడానికి తీసుకొచ్చుకున్నారు.

వచ్చిన రోజే నీలమ్మ, ఆ చప్పుడుకు తల తిరుగుతోందమ్మా అన్నది. అంతే, చంద్రమ్మ గ్రామఫోన్ మీద బట్ట కప్పేసింది. పెట్టె అటక మీదకు ఎక్కించమని తనే ఐలయ్యతో చెప్పింది. బిడ్డ క్షేమంగా బయటపడేదాకా పాటలు లేకపోతే ఏమైంది? అటక తుడిచేటప్పుడు మాత్రం పెట్టె పక్కకు జరిపి, దాని మూత మీద ఒకసారి చెయ్యి వేసి దిగేది.

గాజుల పండుగ శుక్రవారం. ముందురోజు పసుపు, కుంకుమ, తమలపాకుల కోసం పట్నం పోయిన చంద్రమ్మ, కాళ్లు లాగుతున్నా జుమ్మెరాత్ బజారు వైపు తిరిగింది. కళ్లద్దాల ముసలాయన ఆమెను చూడగానే చెయ్యి ఎత్తాడు. వెనకనుంచి కాగితంలో చుట్టినదాన్ని తీసి ఇచ్చాడు. ఎర్ర చీటీ, చుట్టలు చుట్టుకున్న పాము అక్షరం, కింద ఆరు అని అంకె. చంద్రమ్మ ఆ అంకె మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. గంపలో ఇంటికోసం దాచిన పండ్లు కూడా ఆయన గోనెసంచి మీద పోసేసి, ప్లేటును చీర మడతలో కడుపుకు కట్టుకుని బస్సెక్కింది. దారి పొడుగునా ఎవరూ తగలకుండా కడుపుకు చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చుంది. ఎవరో పాపం చూసి, ఎన్నో నెల అని అడుగుతారేమోనని నవ్వొచ్చింది.

ఇంటికొచ్చి ప్లేటును ఒక పాత చీర మడతలో దాచి, ఎవరికీ చెప్పలేదు. రేపు పండుగ అయ్యాక, చుట్టాలు పోయాక, మొదటినుంచీ ఆరూ వరసగా వినాలి. నీలమ్మను పక్కింట్లో కాసేపు కూర్చోబెడితే సరి. ఐలయ్యకు అప్పటిదాకా చెప్పకూడదు. ఆ ముఖం చూడాలి.

శుక్రవారం నాడు ఇల్లు ఆడవాళ్లతో నిండింది. మణికొండ నుంచి వియ్యపురాలు కిష్టమ్మ బండి నిండా మనుషులతో దిగింది. మాటకారి మనిషి, నవ్వుతూనే గిచ్చుతుంది. ఐలయ్య ఈసారి పట్నం నుంచి గాజుల సాబునే ఇంటికి పిలిపించాడని అందరూ మెచ్చుకున్నారు. నీలమ్మకూ ముత్తైదువలకూ పచ్చ గాజులు, పెద్దవాళ్లకు మాత్రం చేతికో జత లక్క గాజులు. చంద్రమ్మకు ఆశ్చర్యమే. ఇంత ఖర్చుకు ఆయన ఎప్పుడు సిద్ధమయ్యాడు? మనసులో మురిసింది కూడా.

సాబు ఇనుప మూకుడులో నిప్పులు పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. లక్క గాజును నిప్పుల మీద పట్టి, మెత్తబడ్డాక చేతికి తగ్గట్టు సాగదీసి తొడుగుతున్నాడు. నీలమ్మది అయ్యాక చంద్రమ్మను కూర్చోబెట్టారు.

"మా వదినె చేతులకు బస్సు కడ్డీ పట్టుకునుడే అలవాటు. గాజులు ఎక్కుతయా సాబూ?" అన్నది కిష్టమ్మ. అందరూ నవ్వారు. చంద్రమ్మా నవ్వుతూ చెయ్యి చాపింది.

గాజు నిప్పుల మీద వేడెక్కింది. వాసన వచ్చింది.

గుగ్గిలానికీ కాలిన వెంట్రుకకూ మధ్య వాసన.

చంద్రమ్మ నవ్వు ముఖం మీదే నిలిచిపోయింది. గాజు పైన ఎర్రరంగు, అద్దపు ముక్కలు మెరుస్తున్నాయి. అతుకు దగ్గర లోపలి నలుపు కనపడుతోంది. ఆ నలుపు ఆమెకు తెలుసు.

"ఈ లక్క ఎక్కడిది సాబూ?" అని మెల్లగా అడిగింది.

సాబుకు ఆ ప్రశ్న ఇష్టమైంది. "మీ ఇంటి మాలే గదమ్మా. పాత బాజా ప్లేట్లు. గింత అసల్ లక్క ఇప్పుడు బజార్ల యాడ దొరుకుతది? సందుగెడు ప్లేట్లు ఐలయ్య పటేల్ తెచ్చి ఇచ్చిండు, నేను కరగబెట్టి జేసిన. ఫికర్ జేయకు, చెయ్యి మండది."

వాకిట్లో మాటలు ఆగలేదు. పసుపు రాసేవాళ్లు రాస్తున్నారు, పాట ఎత్తుకునేవాళ్లు ఎత్తుకుంటున్నారు. ఐలయ్య పందిరి గుంజ దగ్గర నిలబడి ఇటే చూస్తున్నాడు. చంద్రమ్మ చూడగానే తల తిప్పుకున్నాడు. నీలమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని పచ్చ గాజుల్ని ఒక్కొక్కటిగా తిప్పుతోంది. తల ఎత్తడం లేదు. కూతురికి గాజులు తొడిగే పూట తల్లి కంట నీరు పడకూడదు. పడితే అది బిడ్డను తగులుతుందంటారు. చంద్రమ్మ ఒక్కసారి గాలి పీల్చి, రెండో చెయ్యి చాపింది.

చుట్టాలంతా తిని, బండ్లెక్కి వెళ్లిపోయేసరికి పొద్దు పడమటి బండల మీదకు వాలింది. ఒక్కొక్క బండీ మలుపు తిరిగేదాకా ఆమె అలవాటు ప్రకారం నిలబడింది. ఆ తర్వాత లోపలికొచ్చి, గ్రామఫోన్ మీది బట్ట తీసి, ఐలయ్యతో పెట్టె దింపమన్నది.

ఆయన ఈరోజు వద్దన్నాడు. అలిసిపోయావన్నాడు. నీలకు తల తిరుగుతుందన్నాడు.

"ఆరోది దొరికింది" అన్నది చంద్రమ్మ. దాచిన చీర మడత విప్పి చూపించింది.

ఈ మాట ఎట్లా చెప్పాలో నిన్నంతా అనుకుని పెట్టుకుంది. ఇప్పుడు ఆయన ముఖం చూసింది. ముందు నిజంగా వెలిగింది. ఎన్నేళ్లుగానో ఆయనా ఎదురుచూసినదే గదా. ఆ వెలుగు వెంటనే దీపం మీద చెయ్యి పెట్టినట్టు ఆరిపోయింది.

ఐలయ్య నిచ్చెన వేశాడు. పెట్టె భుజానికెత్తుకున్నాడు. బరువుకు ఆయన పిక్కలు వణకడం చంద్రమ్మ కిందనుంచి చూసింది. ఆ బరువు చూసి ఒక్క క్షణం ఆమెకు ఆశ పుట్టింది. సాబు అబద్ధమాడాడేమో, ఏవో రెండు మూడు విరిగినవే ఇచ్చారేమో. పెట్టె నేల మీద దిగింది. ఐలయ్య మూత ఎత్తలేదు. ఆమే ఎత్తింది.

చీరముక్కలు చుట్టినవి చుట్టినట్టే వరసగా ఉన్నాయి. పైదాన్ని విప్పింది. షాబాదు బండ. వంగిన ప్లేట్లు చదును చేసే బండే. కిందివి విప్పింది. ఇంటికప్పు వేయగా మిగిలిన బండ ముక్కలు. ఒక్కొక్కటికీ ఆమె పాత చీర ఎంత శ్రద్ధగా చుట్టాడో.

"రాళ్లెందుకు పెట్టినవయ్యా?"

ఐలయ్య గోడకు చెప్పినట్టు చెప్పాడు. "నువ్వు అటక తుడిచినప్పుడు జరుపుతవు గద. అల్కగ ఉంటె తెలుస్తదని."

ఎప్పుడిచ్చాడని ఆమె అడగలేదు. పోయిన వారం గురువారమే అయి ఉంటుంది. తను బజారులో మట్టిలో కూర్చుని ఒక్కటి వెతుకుతున్న పూట, ఆయన ఇక్కడ అన్నిటినీ మూట కట్టి ఉంటాడు. ప్లేట్లు పోయినందుకు ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఆ రాళ్లే గుండెలో దిగాయి. తన చెయ్యి ఆ పెట్టెను ఎట్లా తాకుతుందో, ఎంత జరుపుతుందో ఇరవై ఏళ్లకు పైగా తెలిసిన మనిషి, ఆ తెలివినంతా దీనికి వాడాడు.

నీలమ్మ లోపలి గది గడప మీదకు వచ్చి నిలబడింది. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి కడుపుకు.

"నాయినను ఏమనకమ్మా. నేనే చెప్పిన."

చంద్రమ్మ తల తిప్పింది.

"మొదటిది పోయిన పొద్దు ఈ ఇంట్ల ఆ పాటనే ఇన్న. ఆమె సముద్రం ఒడ్డున ఏడ్సుడే. కడుపుల ఉన్నది అన్నీ ఇంటదట. నాటకాలామె ఏడుపు ఇనే అది ఎల్లిపోయిందని మా అత్త అన్నది. ఈసారి గూడ పోతే నేను బతకనమ్మా. గాజులు జేపిస్తె ఆ కీడు శుభమైతదని కూడా మా అత్తనే చెప్పింది."

మూడేళ్లు. ఈ మూడేళ్లుగా బిడ్డను తన పాటే పొట్టన పెట్టుకుందని కూతురు అనుకుంటోంది. మొగుడికి తెలుసు. వియ్యపురాలికి తెలుసు. వాకిట్లో కూర్చున్న వాళ్లలో ఎందరికి తెలుసో. తను మాత్రం ప్రతి దసరాకీ మణికొండ పోయి, కిష్టమ్మ చేతి అన్నం తిని, వదినె వదినె అని నవ్వి వచ్చింది.

"నాతోటి చెప్తే నేనే తీసుకపోయి చెరువుల పడేసేదాన్ని గదనే" అన్నది చంద్రమ్మ.

"చెప్తే నువ్వు ఏడుస్తవని" అన్నది నీలమ్మ.

చంద్రమ్మ చేతుల వంక చూసుకుంది. గోడకేసి ఒక్కటి కొడితే పగిలిపోయేవే. కానీ మొగుడు కళ్లముందు నిలబడి ఉండగా గాజు పగలగొట్టుకునే చెయ్యి ఏది? అంత కోపంలోనూ ఆ ఆలోచనకే ఆమెకు భయం వేసి, చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది. మరో భయం కూడా అప్పుడే పట్టింది. ఒకవేళ కిష్టమ్మ అన్నదే నిజమైతే? నిజంగా ఆ పాటే అయితే? దవాఖానవాళ్లు కాదన్నారు గానీ, దవాఖానవాళ్లకేం తెలుసు? ఇంటివాళ్లంతా కలిసి ఆ అనుమానాన్ని తన చేతికి తొడిగేశారు, ఇక తీయడం రాదు.

ఆమె గ్రామఫోన్ చంకనెత్తుకుంది. ఆరో ప్లేటు మళ్లీ కడుపుకు కట్టుకుంది. ఐలయ్య బరువని అందుకోబోతే పక్కకు తప్పుకుని వాకిలి దాటింది.

ఊరి వెనక సీతాఫలం చెట్లు దాటాక పెద్ద బండలు. కూతురి కడుపుదాకా ఏ చప్పుడూ చేరనంత దూరం పోయి, చదునైన బండ మీద గ్రామఫోన్ దించింది. గాలి ఊరి వైపునుంచి వీస్తోంది. మంచిదే. పిడి తనే తిప్పింది. పిడి ఎంత బిగువో ఆ రోజే తెలిసింది. దించిన ముల్లు గీతలు దాటి పడింది. మళ్లీ దించింది.

అమ్మణ్ణి పాడింది. మొదట అదే ఒడ్డు, అదే అలలు. చంద్రమ్మ మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని, ఇది కూడా ఏడుపే, నేనన్నదే నిజం, ఓడ రాలేదు అనుకుంది. ఇంతలో దూరంగా ఒక శంఖం ఊదారు. తబలా నడక మారింది. అమ్మణ్ణి గొంతు ఆమె ఎప్పుడూ వినని ఎత్తుకు పోయింది, నవ్వుతున్నట్టు, పరుగెత్తుతున్నట్టు. ఓడ వచ్చింది. మొగుడు దిగాడు. ఒడ్డున పుట్టిన బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాడు. చివర నాటకం వాళ్లందరూ కలిసి మంగళం పాడారు. తల్లీబిడ్డా చల్లగా ఉండాలని హారతి.

ప్లేటు తిరిగి తిరిగి ఆగిపోయింది.

మంగళం లేకుండా ముగిసే నాటకం ఉంటుందా? ఊళ్లో వీధినాటకం ఆడేవాళ్లు కూడా, వాన వచ్చి సగంలో లేచినా మంగళం పాడకుండా గుడారం విప్పరు. ఆ సంగతి తనకు తెలుసు, ఐలయ్యకు తెలుసు, నాటకాలు చూసి పెరిగిన కిష్టమ్మకు ఇంకా బాగా తెలుసు. అందరూ ఐదో ప్లేటు దగ్గరే ఆగిపోయారు. ఇన్నేళ్లూ ఆ ఇల్లు విన్నది సగం కథ. ఆ సగం ఏడుపును పట్టుకుని కట్టిన నింద అది. ఒక్క వారం ఆగి ఉంటే, ఒక్క మాట అడిగి ఉంటే.

చంద్రమ్మ అప్పుడు ఏడ్చింది. ఇక్కడ ఏడిస్తే ఎవరికీ తగలదు.

ప్లేటు తీసి చుట్టుకుంటుంటే కింద చెట్ల దిక్కునుంచి అలికిడైంది. ఐలయ్య. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో, సీతాఫలం కొమ్మ పట్టుకుని ఉన్నాడు. గాలి ఊరి వైపునుంచే వీస్తుండటంతో ఆయన దాకా పాట అందలేదు. తప్పు చేసిన మనిషి అడగరాని మాటని ఆయనకూ తెలుసు. అయినా ఆగలేకపోయాడు.

"ఏమాయెనే? ఓడ వచ్చిందా?"

ఆమెకు ఆ గొంతు తెలుసు. ఐదో ప్లేటు గరగరమన్న ప్రతి సాయంత్రం, ముల్లు ఎత్తుతూ ఇదే గొంతుతో వస్తుందని పందెం కాసేవాడు. ఒక్క మాట చెబితే ఆయన ముఖం మళ్లీ వెలుగుతుంది. ఆ మాట పట్టుకుని ఇంటికి పరుగెత్తి కూతురికి చెబుతాడు. ఆ పిల్ల కూడా ఊపిరి పీల్చుకుంటుంది. నాలుక చివరిదాకా వచ్చింది.

"వినాల్నంటే ముందటి నుంచి వినాలె" అన్నది చంద్రమ్మ.

గ్రామఫోన్ ఎత్తుకుని ఆయన పక్కనుంచే దిగిపోయింది. ఆమె చేతులకు ఎప్పుడూ మట్టిగాజులే. ఆమె నడిస్తే ఇంటిదాకా వినపడేది. ఈ లక్కవి మాత్రం ఒకదానికొకటి తగిలినా మొద్దుగా, మాట రానట్టు తగిలాయి.